తాడు లోపల రెండు వందల నలభై మంది

మార్చి 4. తెల్లవారి నాలుగున్నరకు 29.2 డిగ్రీలు.

విద్యార్థి సంఘం లెక్కింపు కార్యదర్శి రోజూ ఈ పుస్తకంలో చేత్తో రాయాలని నియమం. పోయిన జూలైలో ఈ పదవి నాకు వచ్చింది. పోటీ చేసి గెలిచింది కాదు. ఇంకెవరూ అడగలేదు కాబట్టి వచ్చింది. పనులు మూడు. ఆరుబయట రాతి గ్యాలరీ దగ్గరి ఉష్ణమాపకం చూసి అంకె రాయడం, సంఘం కొట్టు తాళం చెవి దాచడం, మా తరఫున బదుళ్ళు ఓటేసినప్పుడు ఫలితం ఎక్కించడం.

ఈ రోజు ఫలితం వచ్చేసరికి బట్టలు ఉతుకుతున్నాను. చేతులు తుడుచుకుని చూశాను. నూట పన్నెండో తీర్మానం: జూన్ నుంచి మెట్టు తరగతి ఎత్తివేత. అనుకూలం 31,412. వ్యతిరేకం సున్నా. పట్టిన సమయం నాలుగు సెకన్లు.

మా విశ్వవిద్యాలయంలో విద్యార్థులం అందరం కలిపి 31,412 మందిమి. ప్రవేశం దొరికిన రోజున ఇంటర్వ్యూ చేసి, మన జవాబులతో, మన గొంతుతో ఒక బదులును తయారుచేస్తారు. మీటింగులకు అదే వెళ్తుంది, వాదిస్తుంది, ఓటేస్తుంది. ఎండకు భయపడి జనం ఒకచోట చేరడం మానేసిన రోజుల్లో మొదలైన పద్ధతి ఇది. నేను పుట్టకముందు సంగతి.

మెట్టు తరగతి అంటే ఇంట్లో మొదటిసారి చదువుకు వచ్చినవాళ్ళకు మొదటి ఏడాది. మిగతా తరగతులన్నీ చెవిలో వినిపించే పాఠాలే. ఇక్కడ మాత్రం వాహెద్ సార్ సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడతారు. అర్థం కాకపోతే పదిసార్లు అడగవచ్చు. రెండేళ్ళ కిందట నేను కూర్చున్నది ఆ తరగతిలోనే. అది లేకపోతే మొదటి నెలలోనే ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.

అంకె ఎక్కించి సంతకం పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, వ్యతిరేకం సున్నా అంటే నా బదులు కూడా దాన్ని ఎత్తేయమనే చెప్పిందన్నమాట.

మార్చి 5. 29.4.

పాఠాలయ్యాక కార్యాలయానికి వెళ్ళాను. మన బదులు ఓటు ఎందుకు వేసిందో అడిగే హక్కు మనకుంది. ఎవరూ అడగరట. అక్కడి గుమస్తా కామేశ్వరి గారు ఆ దరఖాస్తు కాగితం వెతకడానికే అరగంట పట్టింది.

జవాబుగా నా ప్రవేశపు ఇంటర్వ్యూ రికార్డు పెట్టారు, చెవిలో నా గొంతే వినిపించింది. పద్దెనిమిదేళ్ళప్పటి గొంతు. వారం రోజులు అద్దం ముందు సాధన చేసిన పుస్తకాల తెలుగులో మాట్లాడుతోంది. "మీకు చదువులో ప్రత్యేకమైన సహాయం ఏమైనా అవసరమా?" అని ఎవరో అడిగారు. "అవసరం లేదండీ. నేను అందరితో సమానంగా చదవగలను" అన్నాను.

అంత చక్కగా చెప్పాను. ఆ రోజు వేసుకున్న ఆకుపచ్చ డ్రెస్సు, తలుపు బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. లోపలికి పోయేముందు అమ్మ నా జడ సరిచేసి, "ఏదీ అక్కర ఉన్నదని చెప్పకు బిడ్డా, సీటు ఇయ్యరు" అంది. నేను వద్దన్నా మెట్టు తరగతిలోనే వేశారు. మాలాంటివాళ్ళ పేర్లు నేరుగా ఆ జాబితాలోకే వెళ్ళేవి. కానీ నా బదులు మాత్రం ఆ మాట మీదే ఉండిపోయింది. అది అబద్ధం చెప్పలేదు. నేను చెప్పిందే చెప్పింది.

జవాబు మార్చవచ్చా అని అడిగాను. డిగ్రీ చేతికొచ్చేదాకా మార్చడం ఉండదని కామేశ్వరి గారు చెప్పారు. ఆవిడకు నా మీద జాలి కలిగినట్టుంది, మంచినీళ్ళు ఇచ్చారు.

మార్చి 7. 29.9.

వాహెద్ సార్ అనుమతితో మెట్టు తరగతిలో నిలబడి అడిగాను, ఇంటర్వ్యూలో "అవసరం లేదు" అని ఎవరెవరు చెప్పారని. మొదట ఎవరూ కదల్లేదు. నేను నా చెయ్యి ఎత్తాను. అప్పుడు మూడో వరసలో తుల్జాబాయి ఎత్తింది. తరువాత ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. ఎనభై ఆరు మంది. అందరూ అదే చెప్పారు.

సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టారు. ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. "నేనైనా గట్లనే చెప్పేటోణ్ణి బేటా" అన్నారు. "ఆకలైతుందని పిలిచినోళ్ళ ఇంట్ల ఎవరు చెప్తరు?"

తుల్జ నా గదిలోనే ఉంటుంది. సరిహద్దు అవతలి తండా నుంచి ఈ జనవరిలోనే వచ్చి చేరింది. భూగర్భజలాలు చదవాలని కోరిక. రాయిని నాలుకతో తాకి అందులో ఏముందో చెబుతుంది. చెవిలో పాఠం మాత్రం ఆమెకు ఎక్కదు. మొదటి ఏడాది సగంలో, జూన్ నుంచి నేరుగా ఆ పాఠాల్లోకి వెళ్ళాలంటే కుదరదని తనకు తెలుసు. సాయంత్రం గదికి వచ్చేసరికి మంచం కింది పెట్టె బయటకు తీసి ఉంది. సగం సర్దింది.

"నెలాఖరుకు బండి ఉంది అక్కా. పోత" అంది. ఏడవలేదు. చీరలు మడత పెట్టుకుంటూ చెప్పింది.

మార్చి 10. 30.3.

సంఘం నియమావళిలో పందొమ్మిదో నియమం ఉంది. రెండు వందల నలభై మంది విద్యార్థులు స్వయంగా రాతి గ్యాలరీకి వచ్చి తాడు లోపల నిలబడితే సభ చెల్లుతుంది. వాళ్ళలో ఎక్కువమంది సరేనంటే బదుళ్ళు తీసుకున్న ఏ నిర్ణయాన్నైనా ఏడాది ఆపవచ్చు. ఆ నిర్ణయంతో సంబంధం ఉన్నవాళ్ళకు మళ్ళీ ఇంటర్వ్యూ చెయ్యాలి. తీర్మానం అయిన ఇరవై ఒక్క రోజుల్లోపే సభ జరగాలి. తాడు బయట నిలబడిన మనిషి పైకి వినబడేలా లెక్కపెట్టాలి. లెక్కించే మనిషి లెక్కలోకి రాదు.

లెక్కించే మనిషి అంటే నేనే. పదవిలోకి వచ్చి ఎనిమిది నెలలైంది, నా పదవికి ఆ పేరెందుకో ఈ రోజే తెలిసింది.

కొట్టులో పాత పుస్తకాల వెనక తాడు దొరికింది. కొబ్బరి తాడు, చేతి మణికట్టంత లావు. ఒకచోట ఎలుకలు కొరికాయి. చివరిసారి దాన్ని వాడింది పందొమ్మిదేళ్ళ కిందట. అప్పటి కార్యదర్శి రాసిన పేజీ చదివాను. లెక్కిస్తున్నప్పుడు ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసేవారట. చెయ్యి పడినవాళ్ళు తమ పేరు చెప్పి "నేనే" అనేవారట. అప్పుడే అంకె పలకాలి. ఆ రోజు లెక్క నూట ఎనభై దగ్గర ఆగిపోయింది. కింద ఆయన ఇంకేమీ రాయలేదు.

సభకు ఇరవై నాలుగో తేదీ అని నోటీసు ఇచ్చాను. పొద్దున్న ఆరున్నరకు. గ్యాలరీలో వేడి 34 దాటితే సైరన్ మోగుతుంది, అందరూ నేలకింది చల్లనడవల్లోకి దిగాల్సిందే. సైరన్ తరువాత లెక్క చెల్లదు.

మార్చి 13. 30.8.

బదుళ్ళకు పంపిన నోటీసును బదుళ్ళే చదివి, బదుళ్ళే పక్కన పెట్టాయి. మనిషి కంటికి కనబడాలంటే గోడే గతి. పోస్టర్లు రాశాం, అంటించడం ఎలాగో తెలియలేదు. మెస్సులో వంట చేసే రాజవ్వను అడిగాం. మైదాపిండి నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికించింది. చివర్లో చిటికెడు మైలుతుత్తం వేసింది. పురుగు పట్టకుండానట.

"నేనొచ్చిన కొత్తల వారానికో బకెట్ కాసేదాన్ని" అంది రాజవ్వ. "ఒక జెండా వోళ్ళకు పొద్దుగాల, ఇంకో జెండా వోళ్ళకు సాయంత్రం. ఇద్దరికి ఒక్కటే గంజు. వాళ్ళకు తెల్వదు."

మార్చి 16. 31.1.

మూడు రోజుల్లో నాలుగు హాస్టళ్ళు తిరిగాం. తలుపు కొడితే తీయడానికే చాలామంది జంకుతున్నారు. తీసినవాళ్ళు మర్యాదగానే మాట్లాడుతున్నారు. నా బదులు చూసుకుంటుంది కదా, ఎండలో ఎందుకు, అంటున్నారు. ఒకబ్బాయి, నిలబడితే చాలా, ఇంకేమీ చెయ్యక్కర్లేదా, అని రెండుసార్లు అడిగాడు. నిలబడి నీ పేరు చెప్పాలన్నాను. అది కష్టం అన్నాడు. తరువాత నవ్వి వస్తానన్నాడు.

జాబితాలో నూట ఐదు మంది అయ్యారు. మెట్టు తరగతివాళ్ళు ఎనభై ఆరు మందీ ఎలాగూ వస్తారని ఆ లెక్క వేరుగా పెట్టుకున్నాను.

మార్చి 19. 31.9.

తేజోమూర్తి సంఘం గదికి వచ్చాడు. క్యాంపస్‌లో పెద్ద పార్టీ అతనిదే. మెట్టు తరగతి తీసేసి ఆ భవనంలో చల్లనడవ కట్టాలన్నది వాళ్ళ తీర్మానమే. తీరం నుంచి వచ్చినవాడు, నాకన్నా నాలుగేళ్ళు సీనియర్. తాడు చివర పట్టుకుని బరువు చూశాడు.

"ఏవండీ గంగామణి గారూ, దీంతో ఏనుగును కడతారా, మమ్మల్ని కడతారా?" అన్నాడు.

కూర్చోమన్నాను. వాదన చాలాసేపు సాగింది. అతని మాటల్లో అబద్ధం లేదు. పోయిన వేసవిలో వడదెబ్బకు పదకొండు మంది ఆసుపత్రిలో చేరారు, ఆ వైపు నడవ లేక. ఎనభై ఆరు మంది కోసం ముప్పై ఒక్క వేలమందిని ఎండలో నడిపించడం న్యాయమా అన్నాడు. నడవ వద్దనలేదు, ఆ భవనమే ఎందుకన్నాను. ఖాళీగా ఉన్నట్టు లెక్క చూపించేది అదొక్కటే అన్నాడు. ఆ లెక్క ఎలా వచ్చిందో చెప్పాను. తాడు చివర కింద పెట్టేశాడు.

వెళ్ళేముందు గోడ మీది పాత ఫోటోలు చూస్తూ తన తండ్రి ఇదే క్యాంపస్‌లో చదివాడని, మూడుసార్లు లాఠీ దెబ్బలు తిన్నాడని చెప్పాడు. "నేను ఐదేళ్ళుగా నాయకుణ్ణి. ఒక్కసారి కూడా ఎక్కడా నిలబడలేదు. నా బదులే గెలుస్తుంది, నా బదులే మాట్లాడుతుంది. నేను తినేసి పడుకుంటాను."

"ఇరవై నాలుగున వచ్చి నిలబడండి" అన్నాను.

"మీకు లెక్క పెంచడానికా? అంత అమాయకుణ్ణి కాదండీ" అన్నాడు. కోపంగా అనలేదు.

మార్చి 22. 32.4.

రోజూ వేడి ఎక్కుతోంది. నిన్నటి లెక్కన చూస్తే ఇరవై నాలుగున ఏడుంబావుకే 34 దాటుతుంది. మాకు ముప్పావు గంట.

అమ్మ ఫోన్ చేసింది. అమ్మ సౌరపలకల పొలంలో పని చేస్తుంది, రోజుకు నాలుగు వందల పలకలు తుడుస్తుంది. ఇంటర్వ్యూ సంగతి అంతా చెప్పాను.

"గప్పుడు నేనే చెప్పిన గదనే, అక్కర లేదని చెప్పుమని" అంది.

నీ తప్పు కాదన్నాను. అందరమ్మలూ అదే చెప్పారన్నాను.

"గా తాడు లోపట నిలబడితే నీ మాట వింటరా?"

"నేను లోపల నిలబడనమ్మా. లెక్కపెడత."

"అందర్ని లెక్కవెట్టి నిన్ను ఇడిసిపెడ్తరా?" అంది అమ్మ. నియమం అంతే అన్నాను.

మార్చి 24. నాలుగున్నరకు 32.8.

ఆరు గంటలకే నేనూ తుల్జా తాడు పరిచాం. ఎలుకలు కొరికినచోట రాజవ్వ గుడ్డ చుట్టింది. నీళ్ళ బిందెలు కూడా తెచ్చి పెట్టింది. వాహెద్ సార్ దూరంగా రాతి మీద కూర్చున్నారు. ఆయన మాట మీద వచ్చామని ఎవరూ అనకూడదని దగ్గరికి రానన్నారు.

ఆరున్నరకు ముప్పై మందే. పావు తక్కువ ఏడుకు ఒక్కసారిగా నడవల్లోంచి పైకి వస్తూ కనిపించారు. కొందరు గొడుగులతో, కొందరు తడి తువ్వాళ్ళతో. సూర్యుడు గుట్టల పైకి వచ్చాడు. అంతమందిని ఒకచోట నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళూ చూసినట్టు లేదు. ఎవరి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బందిపడ్డారు. తరువాత మాటలు మొదలయ్యాయి. చెవుల్లో కాకుండా గాలిలో అన్ని గొంతులు వినడం కొత్తగా ఉంది.

ఏడు కాకముందే లెక్క మొదలుపెట్టాను. తాడు బయట నుంచే చెయ్యి చాచి భుజం తాకుతూ, తాకించుకున్నవాళ్ళు లోపలికి జరుగుతూ. పేరు, నేనే, అంకె. పేరు, నేనే, అంకె. గట్టిగా చెప్పినవాళ్ళున్నారు. పేరు చెప్పగానే నవ్వొచ్చి ఆగిపోయినవాళ్ళున్నారు. పేరు చెప్పడం కష్టమన్న అబ్బాయి నూట ఇరవై రెండోవాడు. "బాలస్వామి, నేనే" అన్నాడు, తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు. తుల్జాబాయి రెండు వందల పదహారు.

మెట్టు తరగతివాళ్ళు ఎనభై ఆరు మందీ రాలేదు. డెబ్బై ఒక్కరే వచ్చారు. మిగతావాళ్ళు ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఇక్కడ నిలబడితే మెట్టు తరగతివాళ్ళమని అందరికీ తెలిసిపోతుంది. వాళ్ళను కూడా గ్యారంటీ లెక్కలో కలిపింది నేను. నా ఇంటర్వ్యూ నాకే గుర్తుండాల్సింది.

రెండు వందల ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయాను. ఎదురుగా ఇంకెవరూ లేరు.

ఉష్ణమాపకం 33.7 చూపిస్తోంది. నడవ మెట్ల వైపు చూశాను, ఖాళీ. రాజవ్వ ముందుకొచ్చి "నన్ను లెక్కవెట్టు బిడ్డా" అంది. విద్యార్థివి కావు రాజవ్వా అన్నాను. "ముప్పై ఏండ్ల సంది ఇక్కడనే ఉన్న, ఇంకేం గావాలె?" అంది, పక్కకు వెళ్ళి నిలబడింది. తాడు లోపలివాళ్ళు కూడా నడవ మెట్ల వైపు తిరిగారు. అందరికీ అంకె వినబడింది కదా.

అమ్మ మాట గుర్తొచ్చింది. లెక్కించే మనిషి లెక్కలోకి రాదు. అయితే లెక్కించే మనిషి నేనే అయి ఉండాలని ఎక్కడా లేదు.

తాడు బయట ఉన్న విద్యార్థి ఇంకొక్కడే. గ్యాలరీ పైమెట్టు మీద నీడలో తేజోమూర్తి నిలబడి ఉన్నాడు. ఎంతమంది వస్తారో తన కళ్ళతో చూడడానికి వచ్చాడట, తరువాత చెప్పాడు. ఈ పుస్తకం తీసి ఒక వాక్యం రాశాను: ఈ నిమిషం నుంచి నేను పదవి వదులుతున్నాను, లెక్క ఇతనికి అప్పగిస్తున్నాను. సంతకం పెట్టి పైకి వెళ్ళి అతని చేతికిచ్చాను.

చదివాడు. గ్యాలరీ వైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"నేను తీసుకోకపోతే?" అన్నాడు.

"తీసుకోకపోతే లెక్క ఇక్కడితో ఆగుతుంది. పుస్తకంలో అదే రాస్తాను."

"నేను లెక్కపెట్టినంత మాత్రాన మీ పక్షం అయిపోయినట్టు కాదండి."

"కాదు" అన్నాను.

నా ముందే మెట్లు దిగాడు. తాడు దగ్గర ఆగి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఐదేళ్ళ నాయకుడు మనిషి భుజం మీద చెయ్యి వేసి లెక్కపెట్టడం అదే మొదటిసారి.

"గంగామణి. నేనే" అన్నాను.

"రెండు వందల నలభై" అన్నాడు. గొంతు పెద్దదే. గుట్టకు తగిలి తిరిగి వచ్చింది.

నేను తాడు దాటి తుల్జ పక్కన నిలబడ్డాను. తీర్మానం ఆపాలన్నవాళ్ళు నిలబడే ఉండాలి, ఆపొద్దన్నవాళ్ళు కూర్చోవాలి. డెబ్బై ఏడుగురు కూర్చున్నారు. ఆపొద్దని చెప్పడానికే ఎండలో వచ్చారు వాళ్ళు, గదుల నుంచి గొడుగులు తెచ్చుకుని మరీ. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. నూట అరవై మూడు మందిమి నిలబడి ఉన్నాం. తేజోమూర్తి రెండు అంకెలూ పైకి చదివాడు, తీర్మానం ఏడాది ఆగింది. చదివిన కాసేపటికి సైరన్ మోగింది.

మార్చి 25. 33.1. (అంకె కొత్త కార్యదర్శిది, రాత నాది.)

ఈ పుస్తకంలో రాసే హక్కు నాకిప్పుడు లేదు. తేజోమూర్తే తెచ్చిచ్చి నిన్నటి పేజీ నన్నే రాయమన్నాడు. చిన్నప్పటి తరువాత చేత్తో రాయలేదట, తన రాత తనకే అర్థం కావడం లేదట. నిజమే, కింద అతను పెట్టిన సంతకం చూస్తే కోడి గీకినట్టుంది. నియమం ప్రకారం ఈ పదవి జూలై దాకా అతనిదే. రోజూ తెల్లవారి నాలుగున్నరకు లేవాలి. వాళ్ళ పార్టీవాళ్ళు రాత్రి భోజనాల దగ్గర అతన్ని ఏడిపించారట. నడవ ఇంకో దారిన కట్టవచ్చేమో కొలవమని తన మనుషులనే పంపాడు. మా పక్షం మాత్రం కాలేదు, ఆ మాట మళ్ళీ చెప్పి వెళ్ళాడు.

తుల్జ పెట్టెలోంచి చీరలు తీసింది. పెట్టె మాత్రం మంచం కిందికి తొయ్యలేదు. ఇంటర్వ్యూ అయ్యాక చూద్దాం అంది.

ఏప్రిల్ 6. 34.0.

మళ్ళీ ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. మెట్టు తరగతి చదివి వెళ్ళినవాళ్ళు కూడా కోరితే ఇవ్వవచ్చన్నారు. నేను కోరాను.

అదే గది. అదే ప్రశ్న. "మీకు చదువులో ప్రత్యేకమైన సహాయం ఏమైనా అవసరమా?" కామేశ్వరి గారు తెర పక్కనుంచి చూసి, మీకిప్పుడు మూడో ఏడు కదమ్మా, ఇప్పుడేం అవసరం అన్నారు.

"అప్పుడు అవసరం పడ్డది. అది లేకుంటే నేను ఇక్కడ లేను" అన్నాను. ఈసారి సాధన చెయ్యలేదు. మా ఇంట్లో మాట్లాడినట్టే వచ్చింది.

బయటికి వచ్చేసరికి తుల్జ వంతు. లోపలికి పోయేముందు నా వైపు చూసింది. జడ సరిచేశాను. ఏం చెప్పమని నేను చెప్పలేదు. తను అడగలేదు.

తలుపు బయటి బెంచీ మీద, అమ్మ కూర్చున్నచోట కూర్చున్నాను. తలుపు సరిగా పడలేదు. లోపల ప్రశ్న అడగడం వినిపించింది. తరువాత చాలాసేపు ఏమీ లేదు. లేచి వచ్చేస్తుందేమో అనుకున్నాను.

"అవసరమే" అంది తుల్జ.